నాలుగు విమానాలు, ఒక పంటు

మా అమ్మ జీవితంలో ఎక్కినవి నాలుగే విమానాలు. ఆ నాలుగూ పదిహేను రోజుల వ్యవధిలో ఎక్కింది. నాలుగింటిలోనూ కిటికీ పక్క సీటు కావాలని అడిగి మరీ కూర్చుంది. నాలుగింటిలోనూ ఆమె పక్కన అరచేతులు తుడుచుకుంటూ కూర్చున్నవాణ్ణి నేను. 2010 డిసెంబరు నాటి సంగతి ఇది. అమ్మ ఇప్పుడు లేదు. ధనుర్మాసంలో తెల్లవారుజామున వశిష్ఠ గోదావరి మీద మంచు దట్టంగా దిగి, అవతలి ఒడ్డు కనిపించకుండా పోయినప్పుడల్లా నాకు ఆ ప్రయాణం గుర్తుకు వస్తుంది.

మాది రాజోలు దగ్గర పల్లెటూరు. నేను ఇంటర్మీడియట్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి. తమ్ముడు ఉద్యోగరీత్యా నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో ఉండేవాడు. ఆ ఏడు ఆషాఢంలో వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. మరదలి తల్లిగారు కాన్పుకు వెళ్ళి మూడు నెలలు ఉండి వచ్చేశారు. ఆ తరువాత, మనవరాలిని కంప్యూటరు తెర మీద చూడటమే తప్ప ఒళ్ళో వేసుకున్నది లేదన్న బెంగ అమ్మకు పట్టుకుంది. "తెర మీద పిల్లకి నలుగెలా పెడతాన్రా?" అని ఒకరోజు తమ్ముడితో అన్నది. వాడు ఆ మాట పట్టుకుని అమ్మకూ మా నలుగురికీ కలిపి ఐదు టిక్కెట్లు కొనేశాడు. పిల్లల క్రిస్మస్ సెలవులు, నా సెలవులు, అమ్మ మోకాళ్ళ నొప్పులు, అన్నీ లెక్క వేసుకున్నాడు. వేసుకోనిది ఒక్కటే, అన్నయ్యకు విమానమంటే భయమని. ఆ సంగతి నేను అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, నా భార్యకు కూడా.

ఏటా బెర్నౌలీ సూత్రం పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద విమానం రెక్క బొమ్మ వేసి, పైన గాలి వేగం ఎక్కువ, పీడనం తక్కువ, కింద పీడనం ఎక్కువ, కనుక రెక్క పైకి లేస్తుందని బాణం గుర్తులు గీసి చూపించేవాణ్ణి. ఆ బొమ్మలో ఏనాడూ మనుషులు ఉండరు. మా ఐదుగురి పేర్లూ అచ్చయిన టిక్కెట్టు కాగితాలు చేతికి వచ్చాక, ఆ బాణం గుర్తుల మీద నాకే నమ్మకం చాలలేదు.

కోనసీమవాడికి ఆకాశప్రయాణమంటే గుబులు ఉండటంలో వింతేమీ లేదని నన్ను నేను సమర్థించుకునేవాణ్ణి. 2002 మార్చి 3న, లోక్‌సభ స్పీకరుగా ఉన్న మా అమలాపురం ఎంపీ బాలయోగి గారు భీమవరం నుంచి బయలుదేరిన హెలికాప్టరు కైకలూరు దగ్గర చేపల చెరువులో కూలిపోయి ఆయన కన్నుమూశారు. ఆయన పార్టీవారూ కానివారూ అన్న తేడా లేకుండా ఆ రోజు మా ఊళ్ళో చాలా ఇళ్ళలో పొయ్యి వెలగలేదు. 2009 సెప్టెంబరులో ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి గారు నల్లమల అడవిలో అదే విధంగా పోయారు. ఆ మరుసటి ఏడు మే 20న లైలా తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఊళ్ళో కరెంటు పోయి, టీవీలు మూగబోయి ఉన్నాయి. రెండు రోజులకు జరిగిన మంగుళూరు ప్రమాదం గురించి మేము పేపరులోనే చదువుకున్నాం. దుబాయి నుంచి వచ్చిన విమానం రన్‌వే దాటి లోయలోకి జారిపోయి 158 మంది చనిపోయారు. మేము వెళ్ళవలసింది కూడా దుబాయి మీదుగానే.

అయితే ఇవన్నీ పైకి చెప్పుకోవడానికి పనికివచ్చే కారణాలు. అసలు కారణం ఒక చప్పుడు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుఫాను కోనసీమ మీద పడినప్పుడు, మొదట్లో గాలి ఆగి ఆగి వీచింది. ఆగినప్పుడల్లా మేము ఊపిరి తీసుకున్నాం. తరువాత ఆ ఆగడం పోయింది. ఎడతెరిపి లేని ఒకే మోత, అది చెవులతో విన్నట్టు కాక, పళ్ళలో, పక్కటెముకల్లో ఉన్నట్టు అనిపించే మోత. పైకప్పు పెంకులు ఒక్కొక్కటీ లేచి పోవడం తెలుస్తూనే ఉంది కానీ అవి పగిలిన చప్పుడు మాత్రం ఆ మోతలో వినపడలేదు. నాన్నగారూ నేనూ వీధి తలుపుకు వీపులు ఆనించి, కాళ్ళు నేలకు తన్నిపెట్టి కూర్చున్నాం. అమ్మ నా మూడు నెలల కూతుర్ని చీరకొంగుతో గుండెకు కట్టుకుని పందిరిమంచం కింద దూరింది. తెల్లవారాక చూస్తే మా దొడ్లో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లు రెండు చేతుల వేళ్ళకు సరిపోయాయి. ఆ తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. మా ఇంట్లో అందరం మిగిలాం, కాబట్టి దాని గురించి ఫిర్యాదు చేసే హక్కు నాకు లేదనుకునేవాణ్ణి. కానీ 2008లో శంషాబాద్ విమానాశ్రయానికి ఒక బంధువును దింపడానికి వెళ్ళి, బయట నిలబడి ఉండగా ఏదో విమానం పైకి లేచే చప్పుడు విన్నాను. గబగబా కారులోకి వెళ్ళి అద్దాలు ఎత్తేసుకుని కూర్చున్నాను. ఏసీ కోసమనుకున్నారు అందరూ.

ప్రయాణం సన్నాహాల్లో నా భయం గమనించే తీరిక ఎవరికీ లేకపోయింది. చలికాలంలో మన పట్టణాలకు వచ్చి రోడ్డు పక్కన స్వెట్టర్లు అమ్మే నేపాలీల దగ్గర ఐదు స్వెట్టర్లు, ఐదు మంకీ క్యాపులు కొన్నాం. మా వీధి చివర ఇంటామె మస్కట్‌లో ఎనిమిదేళ్ళు ఇంటిపని చేసి వచ్చిన మనిషి. మా ప్రాంతంలో గల్ఫ్ దేశాలకు వెళ్ళి నాలుగు రాళ్ళు వెనకేసుకుని వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ అనిపిస్తుంది నాకు. ఆమె అమ్మను వంటింట్లో కుర్చీలో కూర్చోబెట్టి, తువ్వాలు నడుముకు కట్టి, సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఎలా విప్పుకోవాలో నేర్పించింది. వెళుతూ వెళుతూ గుమ్మంలో నా దగ్గర ఆగి, "తమరు మాత్రం ఎక్కగానే బిళ్ళ చప్పరించండి మాస్టారండీ, చెవుల్లో దూది పెట్టుకోండి" అన్నది, ఎవరికీ వినపడకుండా. ఆమె ఒక్కతే కనిపెట్టింది.

అమ్మ సామాను గురించి చెప్పాలంటే చాలా ఉంది, రెండే చెబుతాను. ఒకటి, ఆత్రేయపురం పూతరేకులు, డబ్బాలో సర్ది, చుట్టూ పాత చీర చుట్టి. రెండోది లేసు. నరసాపురం, పాలకొల్లు, రాజోలు వైపు లేసు అల్లని ఆడమనిషి ఉన్న ఇల్లు ఆ రోజుల్లో అరుదు. అమ్మ చేతిలో పొద్దస్తమానం సూదీ దారం ఉండేవి. మనవరాలి ఉయ్యాలకని ఒక దుప్పటంచు, "అక్కడ ఎవరికైనా ఇవ్వడానికి" అని ఒక బల్లగుడ్డ అల్లి పెట్టుకుంది. సూది చేతిసంచిలో ఉండకూడదని, పెద్ద పెట్టెలో వెయ్యమని తమ్ముడు చెప్పాడు. "సూది తీసుకుంటే అంతసేపు నా చేతులేం చెయ్యాలి?" అని ఆమె అడిగింది. అప్పుడది వేళాకోళంగా తీసుకున్నాం.

18వ తేదీన లండన్ హీత్రూ విమానాశ్రయం మంచుకు మూతపడిందని టీవీలో చూపించారు. జనం నేల మీద దుప్పట్లు కప్పుకుని పడుకుని ఉన్నారు. నా మనసులో ఒక చిన్న ఆశ మొలిచిందని ఒప్పుకుంటున్నాను. తమ్ముడికి ఫోను చేసి, "పోనీ వేసవిలో వస్తే?" అని అడిగాను. "లండన్ సంగతి వేరన్నయ్యా, ఇక్కడ నడుస్తున్నాయి" అన్నాడు.

కోనసీమకు రైలు లేదు. రైలెక్కాలంటే ఏరు దాటాలి. చించినాడ వంతెన మీదుగా కారులో పోదామని నేనన్నాను. ఏటికి దణ్ణం పెట్టకుండా ఎలా బయలుదేరతామని అమ్మ సఖినేటిపల్లి రేవుకే పొమ్మంది. 20వ తేదీ సాయంత్రం పంటు మీద, అంటే మనుషులనూ బండ్లనూ ఏరు దాటించే ఇనుప బల్లకట్టు మీద, మా పెట్టెలు, పక్కన రెండు ట్రాక్టర్లు, కోళ్ళగంపలు, కాలేజీ నుంచి తిరిగివస్తున్న పిల్లలు. అమ్మ ఏటిలో రూపాయి వేసి, చెంపలు వేసుకుని, పెట్టె మీద కూర్చుని సూది తీసింది. పంటు కింద నీళ్ళు ఎంత లోతో, ఆ ఇనుప పళ్ళేనికి ఎన్నేళ్ళో నేను ఏనాడూ ఆలోచించలేదు. ఆ సాయంత్రం ఆలోచించాను. నా ముఖం చూసి, "సఖినేటిపల్లి రేవులో పుట్టి పెరిగినట్టు తిరిగినవాడివి, నీకేమైందిరా ఇవాళ?" అన్నది. రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్‌లో ఆమె సూదిని పెద్ద పెట్టెలో వేసి తాళం వేయించింది.

శంషాబాద్‌లో విమానం రన్‌వే మొదట్లో ఒక్కక్షణం ఆగింది. బిళ్ళ నోట్లో ఉంది, చెవుల్లో దూది ఉంది. ఇంజన్లు ఒక్కసారిగా పుంజుకున్నాయి. అదే మోత, ఆగడం లేని మోత, దూదిని లెక్కచేయకుండా పళ్ళలోకి వచ్చేసిన మోత. నేను కళ్ళు మూసుకున్నాను. పక్కనుంచి అమ్మ వంగి, చెవిలో దూది లాగేసి, "ఆ రాత్రి గాలి ఇలాగే ఉంది కదరా?" అన్నది.

నేను నోరు మెదపలేకపోయాను. పద్నాలుగేళ్ళుగా నా ఒక్కడిదే అనుకున్న చప్పుడు ఆమెకూ గుర్తున్నదని, గుర్తుపట్టి కూడా ఆమె కిటికీ వైపు నుంచి తల తిప్పలేదని తెలిసేసరికి ముందు చక్రం నేల వదిలింది.

"ఆ రాత్రి తలుపు మీరు పట్టుకున్నారు. ఇక్కడ పట్టుకునేవాళ్ళు వేరే ఉన్నారు. నువ్వు నా చెయ్యి వదులు, గాజు నొక్కుకుపోతోంది."

అప్పుడు చూసుకుంటే ఆమె మణికట్టు మీద నా వేళ్ళ గుర్తులు ఎర్రగా ఉన్నాయి. వెనక వరసలో ఉన్న నా కూతురు, ఆ రాత్రి అమ్మ గుండెకు కట్టుకున్న పిల్లే, సీటు సందులోంచి ఇదంతా చూసి వాళ్ళ అమ్మకు చేరవేసింది. అలా నా రహస్యం నేల విడిచిన రెండు నిమిషాలలో కుటుంబ వ్యవహారమైపోయింది.

దుబాయి గురించి రాయడానికి నాకేమీ లేదు; అక్కడ మూడు గంటలు కూర్చున్నాం, మావాడు నిద్రపోయాడు. రెండో విమానంలో, కొండల మీదుగా పోతున్నామని తెర మీద పటం చూపిస్తున్నప్పుడు, కుదుపులు మొదలయ్యాయి. అమ్మ ముందున్న నీళ్ళ గ్లాసులో నీరు వలయాలు తిరిగింది. గ్లాసు బల్ల మీద నుంచి చేతిలోకి తీసుకుని, "ఎదురుగాలికి పంటు ఇంతకన్నా ఊగుతుంది" అన్నది. పిల్లలకు చెబుతున్నట్టే అన్నది. కుదుపు తగ్గాక నేను గమనించిన సంగతి ఒకటుంది. ఆమె కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ ఒళ్ళో కలిసి, లేని సూదితో లేని దారాన్ని లాగుతున్నాయి. అంతసేపు నా చేతులేం చెయ్యాలి అన్న ఆమె ప్రశ్న అప్పుడు అర్థమైంది. ఆమెకు భయం లేదని నేను అనుకున్నాను. ఆమె ఏనాడూ అలా అనలేదు.

ఆమ్‌స్టర్‌డామ్ చేరాక రన్‌వే మీద మంచు తీస్తున్నారని చెప్పి, విమానాన్ని మబ్బుల పైన అరగంటకు పైగా గుండ్రంగా తిప్పారు. తరువాత తెల్లటి మబ్బులోకి దిగాం. కిటికీలో తెలుపు తప్ప మరేమీ లేదు. ఆ తెలుపులోంచి ఎప్పుడో నేల వస్తుందని నేను చూస్తూనే ఉన్నాను. వచ్చిన నేల కూడా తెల్లగానే ఉండటంతో, చక్రాలు తగిలేదాకా తెలియలేదు.

తమ్ముడు కారులో కూర్చోబెట్టుకుని, హీటరు పెంచి, "అన్నయ్యా, మనం ఇప్పుడు చెరువు అడుగున ఉన్నాం తెలుసా?" అన్నాడు. చెరువు అన్న మాటకు నాకు కైకలూరు గుర్తుకు వచ్చి చల్లగా అయిపోయింది. వాడు చెప్పింది వేరే. షిపోల్ విమానాశ్రయం ఉన్న చోటు పూర్వం హార్లెమ్మెర్‌మేర్ అనే పెద్ద సరస్సట. చుట్టూ గట్టు కట్టి, కాలువ తవ్వి, మూడు చోట్ల ఆవిరియంత్రాలు పెట్టి మూడేళ్ళకు పైగా నీళ్ళు తోడి 1852లో దాన్ని ఎండగట్టారట. రన్‌వేలు ఇప్పటికీ సముద్రమట్టానికి మూడు మీటర్ల దిగువనే ఉన్నాయి. 1852 అన్న అంకె వినగానే నేను వెనక్కి తిరిగి పిల్లలను అడిగాను. కూతురు వెంటనే, "ధవళేశ్వరం ఆనకట్ట" అన్నది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టిన ఆనకట్ట పూర్తయినదీ ఆ ఏడే. "అంటే మనకి నీళ్ళొచ్చిన ఏడే వీళ్ళు నీళ్ళు పారబోసుకున్నారన్నమాట" అన్నది అమ్మ. పూతరేకుల డబ్బా అప్పటికి ఆమె ఒళ్ళోనే ఉంది. ఇంటికి వెళ్ళి మూత తీస్తే లోపల రేకు అన్నది ఒక్కటీ మిగలలేదు, అంతా పొడి. చెంచాలతో తిన్నాం.

ఆ డెల్ఫ్ట్ రోజుల్లో చలి గురించి అందరూ అడుగుతారు. నాకు చలి కన్నా చీకటి ఎక్కువ గుర్తుంది. ఉదయం ఎనిమిదిన్నర దాటితే గానీ సూర్యుడు రాడు. సాయంత్రం నాలుగున్నరకే వెళ్ళిపోతాడు. అమ్మ నాలుగున్నరకే దీపం పెట్టి, తరువాత పడుకునేదాకా ఉన్న ఆరు గంటలను ఏం చేసుకోవాలో తెలియక, పసిపాపకు రెండుసార్లు నూనె రాసేది. ఇంటి ముందు కాలువ గడ్డకట్టింది. గడ్డకట్టని మూల ఒక్కచోట బాతులన్నీ చేరి, రేషను కొట్టు దగ్గర జనంలాగా ఒకదాన్నొకటి తోసుకునేవి. కాలువ చివర తలుపులు చూసి అమ్మ, "ఇవి మన లాకులే కదరా" అన్నది. లాకులే.

ఒకరోజు కిండర్‌డైక్ తీసుకువెళ్ళాడు తమ్ముడు. 1740 ప్రాంతంలో కట్టిన పందొమ్మిది గాలిమరలు అక్కడ కాలువల వెంబడి నిలబడి ఉంటాయి. పిండిమరలు కాబోలనుకుంది అమ్మ. పల్లపు నేలలో చేరిన నీటిని తోడి పైకాలువలోకి, అక్కడినుంచి నదిలోకి పోసేవని చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ఆ డిసెంబరు మొదటివారంలో వానలు పడి మా చేలో కోసిన పనలు నీళ్ళలో నానాయి. మురుగుకాలువ పూడిపోయి ఉంది కనుక నీరు దిగే దారి లేదు. "మురుగు తోడటానికి ఇంత అందమైన మరలా?" అని మాత్రం అన్నది. ఆమె గొంతులో మెచ్చుకోలు కన్నా ఉక్రోషం ఎక్కువ ఉందని నాకు అనిపించింది. ఆ తరువాతి ఖరీఫ్‌లో, 2011లో, కోనసీమ రైతులు పంటవిరామం ప్రకటించినప్పుడు, వాళ్ళు చెప్పిన కారణాలలో ఈ దిగని మురుగూ ఉంది. అమ్మ ఆ వార్త చదివి పేపరు మడిచి, "ఆ మరలు గుర్తున్నాయా?" అని నన్ను అడిగింది.

ధనుర్మాసం కదా, గుమ్మం ముందు ముగ్గు లేకుండా ఉండలేకపోయింది. ఒక ఉదయం మంకీ క్యాపు, తమ్ముడి పాత కోటు వేసుకుని బియ్యప్పిండి గిన్నెతో వాకిట్లోకి వెళ్ళింది. తెల్లటి మంచు మీద తెల్లటి పిండి వేస్తే ఏం కనపడుతుంది? కాసేపు నిలబడి చూసి, గిన్నె పక్కన పెట్టి, కూర్చుని, చూపుడువేలితో మంచును చుక్క చుక్కగా తవ్వింది. చుక్కల చుట్టూ వేలితోనే మెలికలు తిప్పింది. అడుగున ఉన్న నల్లటి రాతి పలక బయటపడి, తెలుపు మీద నల్లటి మెలికల ముగ్గు తేలింది. పక్కింటి పెద్దావిడ చీపురుతో తన వాకిట్లో మంచు తోసుకుంటూ ఇది చూసింది. మా వాకిలి కూడా తోయడానికి తమ్ముడు పార తీసుకుని వస్తే, ఆవిడే అడ్డుపడి వద్దన్నదట.

ఆ పరిచయంతోనే 31వ తేదీ సాయంత్రం ఆవిడ ఒక గిన్నెడు ఓలీబాల్లెన్ తెచ్చింది. కొత్త సంవత్సరానికి వాళ్ళు నూనెలో వేయించుకుని, పైన పంచదార పొడి జల్లుకునే ఉండలు అవి. "మైసూరు బజ్జీకి పంచదార వేసినట్టుంది" అన్నది అమ్మ. తమ్ముడు దీన్ని అనువదించలేక బాగుందని చెప్పాడు. అమ్మ లోపలికి వెళ్ళి లేసు బల్లగుడ్డ తెచ్చి చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని విప్పి, మొదట తిరగవేసి వెనకవైపు చూసింది. ముడులు ఎక్కడ దాచారో, దారం ఎక్కడ అతికారో వేలితో తడిమి, తల ఊపి, అప్పుడు ముందువైపు చూసింది. లేసు కొనేవాళ్ళు ఎవరూ అలా చూడరు, అల్లేవాళ్ళే చూస్తారు. అమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుంది.

వయసులు అడుగుకుంటే ఇద్దరిదీ ఒకటే ఈడు, అరవై ఆరు. ఆవిడ పుట్టింది జీలండ్ ప్రాంతంలోని ఒక దీవిలో. తమ్ముడు దాన్ని తెలుగులో "లంక" అని చెప్పడంతో అమ్మకు ఇక వివరం అక్కరలేకపోయింది. 1953 జనవరి 31 రాత్రి వాయవ్యపు గాలీ, పెద్ద పోటూ కలిసి సముద్రపు గట్లు తెగిపోయినప్పుడు ఆవిడకు తొమ్మిదో ఏడు నడుస్తోందట. అటక మీద రెండు రోజులు కూర్చున్నారట. ఆ వరదలో వాళ్ళ దేశంలో 1836 మంది చనిపోయారు. తమ్ముడు ఒక్కొక్క వాక్యం విని తెలుగులో చెబుతుంటే అమ్మ మధ్యలో ఆపి, "గొడ్లేమయ్యాయో అడుగు" అన్నది.

తమ్ముడు అడిగాడు. ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. పంచదార అంటిన వేళ్ళను రుమాలుతో తుడుచుకుని, రెండు చేతులూ ఎత్తి, పది వేళ్ళు చూపించి, తరువాత ఒక చేయి దించి ఇంకో మూడు వేళ్ళు చూపించింది. పదమూడు. అటక మీద కూర్చున్నవాళ్ళకు కింద కొట్టంలోంచి మొదటిరాత్రి వాటి అరుపులు వినిపించాయట, రెండో రాత్రి వినిపించలేదట. యాభై ఏడేళ్ళలో ఆ సంగతి తనను అడిగినవాళ్ళు తక్కువని, అడిగినవాళ్ళందరూ పల్లెటూరివాళ్ళేనని అన్నది. "మావి నాలుగు. గాలికి పాక మీద పడింది" అని అమ్మ నాలుగు వేళ్ళు చూపించింది. దీనికి అనువాదం కావలసి రాలేదు.

మీకెప్పుడు అని ఆవిడ అడిగితే నేను చెప్పాను, 1996 నవంబరు 6 అని. ఆవిడ ఆ తేదీని రెండోసారి అడిగి రూఢి చేసుకుంది. తెగిన గట్లలో గండ్లు పూడ్చుకుంటూ రావడానికి తొమ్మిది నెలలు పట్టిందట. ఔవెర్‌కెర్క్ దగ్గర చివరి గండి పూడ్చింది 1953 నవంబరు 6 రాత్రేనట. తేదీల పొంతనల మీద నాకు నమ్మకం లేదు. ఏడాదికి ఉన్నవి మూడువందల అరవై ఐదు రోజులే కాబట్టి ఏదో ఒకటి కలవక తప్పదని క్లాసులో చెప్పే మనిషిని. కానీ ఆ రాత్రి పడుకున్నాక, బయట కొత్త సంవత్సరపు టపాకాయలు పేలుతుండగా, మా తలుపుకు వీపు ఆనించి కూర్చున్న నాన్నగారు, ఎక్కడో చలిలో అర్ధరాత్రి చివరి గండిలోకి కాంక్రీటు దిమ్మ నెడుతున్న మనుషులు నా కళ్ళ ముందు పక్కపక్కనే కనిపించారు. వెళ్ళేముందు ఆవిడ అమ్మకు ఒక తెల్ల నూలు ఉండ ఇచ్చింది. మన దారం కన్నా కాస్త మందం.

తిరుగు ప్రయాణంలో భయం పోయిందని రాస్తే కథ బాగుంటుంది కానీ అది నిజం కాదు. జనవరి మొదటివారంలో షిపోల్‌లో విమానం కదలకముందు, పొడవాటి చేతుల బండ్లు రెండు వచ్చి రెక్కల మీద నారింజరంగు వేడి ద్రవం చిమ్మాయి. రెక్క మీద మంచు గరుకుగా పేరుకుంటే గాలి రెక్కను అంటిపెట్టుకుని పారదని, బోర్డు మీద నేను గీసే బాణం గుర్తులన్నీ చెదిరిపోతాయని కొడుక్కి వివరంగా చెప్పాను. వాడు విని, "అయితే బాగానే కడిగారా నాన్నా?" అన్నాడు. ఆ తరువాత నాలుగో విమానం శంషాబాద్‌లో దిగేదాకా నాకు నిద్ర లేదు. అయితే పైకి లేచేటప్పుడు నా చెయ్యి సీటు చేతిని పట్టుకుంది; అమ్మ గాజుల జోలికి పోలేదు.

నరసాపురంలో రైలు దిగేసరికి పొద్దున్న మంచు ఇంకా విడలేదు. రేవులో పంటు సగం దూరం వెళ్ళాక మంచు మరీ దట్టమై రెండు ఒడ్లూ మాయమయ్యాయి. సరంగు ఇంజను నెమ్మది చేశాడు. అమ్మ కాళ్ళకు డెల్ఫ్ట్‌లో కొన్న ఉన్ని మేజోళ్ళు, వాటి మీద వేళ్ళలోకి దూరని హవాయి చెప్పులు. భోగి వెళ్ళేదాకా విప్పనని పంతం. పెద్ద పెట్టె తాళం తీయించి, అడుగున ఉన్న సూది వెతికి తీసుకుంది.

"అవతలి రేవు కనపడుతోందా బాబూ?" అని అడిగింది.

"కనపట్టం లేదండి. ఎక్కడుందో తెలుసండి" అన్నాడు సరంగు.

అమ్మ ఆ తెల్ల నూలు ఉండ కొస వెతికి, ముడి వేసి, గొలుసు కుట్టు మొదలుపెట్టింది. నేను ఇంజను పక్కనే పెట్టె మీద కూర్చున్నాను. ఆ చప్పుడులో ఆమె కుట్లు లెక్కపెట్టుకోవడం నాకు వినపడుతూనే ఉంది. పదకొండు, పన్నెండు, పదమూడు.